బీరువా జరిపిన ఇల్లు

బ్రోకరు ఆఫీసులో వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒకటే కుర్చీ ఉంది. దాని మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. అందుకని ఫొటోగ్రాఫరు నిలబడి మాట్లాడటమే అలవాటు చేసుకున్నాడు. మొదటిసారి వచ్చినప్పుడు సారు బయటికెళ్ళారని చెప్పారు; లోపలి గదిలోంచి సారు దగ్గు వినపడుతూనే ఉంది. తర్వాత వచ్చినప్పుడు బ్రోకరు కార్డు తీసుకుని, చూడకుండానే టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. ఆ తర్వాత, చేతిలో ఫోనుండగా ఇళ్ళకి ఫొటోగ్రాఫరు ఎందుకని నవ్వాడు. అయినా ఫొటోగ్రాఫరు మళ్ళీ వచ్చాడు. సిగ్గూ ఎగ్గూ వదిలేస్తే తప్ప సొంతంగా పని చేసుకోవడం కుదరదని అతనికి ఈ ఆరేడు నెలల్లో బాగా తెలిసొచ్చింది. పనిచేసిన స్టూడియో మూతపడినప్పుడు, ఇకమీదట ఎవడి కిందా చెయ్యక్కర్లేదని లోలోపల సంబరపడ్డాడు. ఇప్పుడు ఊళ్ళో కనపడ్డ ప్రతివాడికీ దణ్ణం పెడుతున్నాడు, పని మాత్రం ఎవడూ ఇవ్వడం లేదు.

ఈ సోమవారం కుర్చీ ఖాళీగా ఉంది. బ్రోకరు కూర్చోమన్నాడు కూడా. అంటే ఆయనకేదో అవసరం పడిందన్నమాట.

కర్టెన్లు కుట్టే ఒకావిడ ఫ్లాటట. అమ్మకానికి పెట్టి చాలా కాలమైంది, కొనడం మాట అటుంచి చూడటానికి కూడా ఎవరూ రావడం లేదు. బ్రోకరు తను తీసిన ఫొటోలు ఫోన్లో చూపించాడు. దొంగలు పడి వెళ్ళాక పోలీసులు తీసినట్టున్నాయవి. ఆ మాట పైకి అనకుండా ఫొటోగ్రాఫరు గంభీరంగా తల ఊపాడు.

"ఇది తియ్యి. బాగుంటే నా చేతిలో ఉన్న ఇళ్ళన్నీ నీకే. ఏడాది పొడుగునా నీకు తీరికుండదు," అన్నాడు బ్రోకరు. "బాగోకపోతే మాత్రం మళ్ళీ నా గుమ్మం ఎక్కొద్దు."

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆమె మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. రోజంతా నిలబడే ఉండాలి కాబట్టి ఇంటికి రాగానే నేల మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు గోడకి ఆనించి పైకి పెట్టుకుంటుంది. ఇంట్లో ముఖ్యమైన సంగతులన్నీ ఆ భంగిమలోనే తేలుతాయి. భర్త చెప్పిందంతా విని, తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడని చెప్పింది. అతను పనిచేసే గోదాములో సీసీ కెమెరాల గదికి మనిషి కావాలట. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తెరల ముందు కూర్చుని, ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో చూస్తుండటమే పని. జీతం నెల నెలా పడుతుంది. శనివారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు. "అదీ కెమెరా పనే కదక్కా, బావకి అలవాటేగా" అన్నాడట. దానికి మొగుడూ పెళ్ళాలిద్దరూ నవ్వారు గానీ ఎక్కువసేపు నవ్వలేకపోయారు.

"మీరు వద్దంటే నేను బలవంతం చెయ్యను. కానీ నాకు ఓపిక అయిపోతోంది," అంది ఆమె, పైకప్పుకేసి చూస్తూ.

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేదనిపించింది అతనికి. బ్రోకరు పని కుదిరితే సరే, కుదరకపోతే శనివారం బావమరిదికి ఊఁ చెప్పేస్తానని ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్న తలుపు తీసిన ఆవిడ మెడలో కొలతల టేపు, పెదవుల మధ్య గుండుసూదులు ఉన్నాయి. ముందుగది నిండా ఎవరెవరి కిటికీలకో వెళ్ళాల్సిన గుడ్డ. మడతలు కుర్చీల మీద, మంచం మీద, ఫ్రిజ్ మీద. వాటి మధ్య ట్యూబులైటు కింద కుట్టుమిషను. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది, లోపల మాత్రం సాయంత్రం ఏడైనట్టుంది. ఆవిడ సూదులు ఒక్కొక్కటీ తీసి దిండుకి గుచ్చి, నోరు ఖాళీ అయ్యాక ఇంటిని తిట్టడం మొదలుపెట్టింది. పగలే లైటేసుకుని బతకాలట. ఈ చీకట్లో నల్లదారానికీ నీలందారానికీ తేడా తెలియక ఒకరి కర్టెన్లు మొత్తం విప్పి కుట్టాల్సి వచ్చిందట. ఎప్పుడు వదిలిపోతుందా ఈ కొంప అని ఎదురుచూస్తోందట. ఇక్కడ తీసేదేముంది బాబూ, నీ కష్టం తప్ప, అంది.

ఫొటోగ్రాఫరుకి ఒక పద్ధతుంది. ఇంట్లో అడుగుపెట్టిన చాలాసేపటి వరకూ కెమెరా సంచీ లోంచి తియ్యడు. ముందు చేతులు మడిచి పనిలోకి దిగుతాడు. ఆవేళ చెప్పులన్నీ బల్ల కింద దాచాడు. అడ్డంగా కట్టిన బట్టల తాడు విప్పాడు. బాత్రూంలో బక్కెట్లు బాల్కనీలోకి చేర్చి, అద్దం మీద సబ్బు మరకలు తుడిచాడు. గ్యాసుపొయ్యి మీద మాడిన చారికలు ఆవిడ చేతనే తోమించాడు. గుడ్డ మడతలన్నీ మోసి పడగ్గదిలో ఒక మూల పేర్చాడు. ఆవిడ మొదట మొహమాటపడింది, తర్వాత కొంగు బిగించి తనూ కలిసింది. చివరికి అతను బీరువా ముందుకొచ్చి ఆగాడు.

ఇనప బీరువా. సరిగ్గా కిటికీకి అడ్డంగా ఉంది. సగానికి పైగా కిటికీ దాని వెనకాలే పోయింది. ఇదిక్కడెందుకుందని అడిగితే ఆవిడ కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. ఈ ఇంట్లో దిగిన రోజు మోసుకొచ్చినవాళ్ళు ఆయాసపడుతూ అక్కడ దించారట. ఇక్కడొద్దు, తర్వాత జరుపుకుందాంలే అనుకున్నారట. అప్పటికి పిల్ల ఇంకా పుట్టలేదు. ఇప్పుడా పిల్ల కాలేజీకి వెళ్తోంది.

బీరువా కాళ్ళ కింద పాత దుప్పటి ముక్కలు దూర్చి, ఒక్కో పక్కే ఎత్తి ఎత్తి లాగాడు. ఆవిడ వీపు ఆనించి తోసింది. లోపల ఏవేవో గలగలమన్నాయి. రెండు మూరలు జరిగేసరికి వెలుతురు గది మధ్యలోకంటా వచ్చి పడింది. నేల గచ్చు బూడిదరంగు అనుకున్నాడు అతను, కాదు, లేతాకుపచ్చ. ఆవిడ కొంచెంసేపు అక్కడే నిలబడి, టీ పెడతానంటూ వంటింట్లోకి వెళ్ళింది.

అప్పుడు కెమెరా తీశాడు. ట్రైపాడు ఛాతీ ఎత్తున నిలబెట్టి, గోడలు వంకర పోకుండా సరిచూసుకుని, మబ్బు తొలిగేదాకా ఆగి, ఒక్కో గదీ తీశాడు. బాత్రూంలో చెమ్మ ఊరిన గోడ ఉంది. అది పడకుండా తలుపు దగ్గర నుంచి తీశాడు. లేనిది చూపించడు, ఉన్నదంతా చూపించాల్సిన పనీ లేదు. అదీ అతని లెక్క.

పని అయ్యాక ఎక్కడివక్కడ పెట్టెయ్యడం అతని నియమం. సర్దడం ఫొటో వరకే, తర్వాత వాళ్ళ ఇల్లు వాళ్ళకి అప్పజెప్పాలి. బక్కెట్లు, తాడు, చెప్పులు, గుడ్డ మడతలు అన్నీ యథాస్థానానికి చేరాయి. బీరువా దగ్గరికొచ్చేసరికి నడుం పట్టేసింది. సాయంత్రం మా ఆయన వచ్చి తోసుకుంటాడులే, నువ్వెళ్ళు బాబూ అంది ఆవిడ. వెళ్ళేముందు, నాకూ చూపించవా అని అడిగితే ఫొటోలు ఆవిడ ఫోనుకి కూడా పంపించి, నడుం పట్టుకుని మెట్లు దిగాడు.

బుధవారం బ్రోకరు ఫోన్ చేసి, నీ చేతిలో ఏదో ఉందయ్యా అన్నాడు. పొద్దుటినుంచి ఫోన్లే ఫోన్లు. సాయంత్రానికి ఒక జంట వచ్చి చూసుకుని, తీసుకుంటామని చెప్పి కూడా వెళ్ళారట. ఇక కాగితాలు రాసుకోవడమే. వచ్చే వారంనుంచి రోజుకో ఇల్లు, సిద్ధంగా ఉండమన్నాడు. ఆ రాత్రి భార్య కాళ్ళు గోడకి పెట్టుకోవడం మర్చిపోయి అతని పక్కన కూర్చుని ఫొటోలన్నీ చూసింది. తమ్ముడికి ఇప్పుడే చెప్పెయ్యనా అంది. రెండ్రోజులాగు అన్నాడు అతను. ఇన్నిసార్లు దెబ్బతిన్నవాడికి సంతోషం మీద కూడా అంత తొందరగా నమ్మకం కుదరదు.

ఆగమన్నది మంచిదే అయింది. గురువారం మధ్యాహ్నం బ్రోకరు ఉన్నపళంగా రమ్మన్నాడు. వెళ్ళేసరికి ఆ ఒక్క కుర్చీలో బస్సు డ్రైవరు యూనిఫాంలో ఒకాయన దిగాలుగా కూర్చుని ఉన్నాడు. కర్టెన్లావిడ భర్త.

ఆయన గోడు మామూలుది కాదు. ఏళ్ళ తరబడి ఈ కొంప వదిలించమని పెళ్ళాం ప్రాణం తోడేసింది. సరేనని అన్నగారింటి పక్కన పెద్ద ఫ్లాటు మాట్లాడాడు. తీరా బేరం కుదిరాక, అమ్మను గాక అమ్మనంటోంది. మంగళవారం డ్యూటీ నుంచి వచ్చి బీరువా మళ్ళీ తొయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఏమిటే ఇది అంటే ఫోను తీసి ఫొటోలు చూపిస్తోంది. "ఇది మన ఇల్లే కదండీ అంటుంది. అవును, మనదే, అందుకే అమ్మేది అన్నాను. దాంతో మాటలు మానేసింది," అని చెప్పి, డ్యూటీకి టైమైందని లేచి వెళ్ళిపోయాడు.

ఆయన మెట్లు దిగేదాకా ఆగి బ్రోకరు ఇటు తిరిగాడు.

"కొనేవాడికి నచ్చేట్టు తియ్యమన్నాను గానీ అమ్మేవాళ్ళకి నచ్చేట్టు తియ్యమన్నానా?"

ఫొటోగ్రాఫరుకి నవ్వొచ్చింది. బ్రోకరు మొహం చూసి మింగేశాడు. తర్వాత బ్రోకరు గొంతు తగ్గించి, చెయ్యాల్సింది చెప్పాడు. రేపు మళ్ళీ వెళ్ళాలి. కొనేవాళ్ళ బ్యాంకు అడిగిందని చెప్పాలి. మిట్టమధ్యాహ్నం, ఫ్లాష్ కొట్టి, చెమ్మా పగుళ్ళూ మసీ మురికీ ఏదీ వదలకుండా తియ్యాలి. అవి ఆవిడకి చూపించాలి. వీలైతే బీరువా కూడా మళ్ళీ కిటికీకి అడ్డంగా తోసి రావాలి. ఆవిడకి ఈ పిచ్చి ఎక్కించినవాడివి నువ్వే, దించాల్సిందీ నువ్వే అన్నాడు. ఆవిడ సంతకం పెట్టిన మర్నాటినుంచి ఇళ్ళన్నీ అతనివే, ఆ మాటలో మార్పు లేదు.

ఛీ అని లేచి వచ్చెయ్యాలనిపించింది. రాలేదు. శనివారం దగ్గరికొస్తోంది, గోడకి ఆనించిన కాళ్ళు కళ్ళ ముందు మెదిలాయి. సరేనన్నాడు. అలసిపోయినవాడి చేత ఎవరైనా ఏదైనా ఒప్పించొచ్చు.

శుక్రవారం మిట్టమధ్యాహ్నం వెళ్ళేసరికి ఆ గది గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. కుట్టుమిషను కిటికీ కిందికొచ్చింది. బీరువా తలుపు వెనక గోడకి పోయింది; ఆవిడా కూతురూ కలిసి తోశారట. ట్యూబులైటు ఆర్పేసి ఉంది. ఆవిడ వెలుతుర్లో దారం ఎక్కించుకుంటూ, రా తమ్ముడూ అంది. మొన్నటి బాబు ఇవాళ తమ్ముడయ్యాడు. ఆ పిలుపుకి అతని చెవులు వేడెక్కాయి.

బ్యాంకు సంగతి చెప్పాడు. ఆవిడ తియ్యమంది. వంటింట్లో మసిపట్టిన మూల తీశాడు, ఫ్లాష్ తళుక్కుమంది. విరిగిన పలక తీశాడు. వేలాడుతున్న వైర్లు తీశాడు. ఇరవయ్యేళ్ళుగా చేస్తున్న పనిలో వస్తువుని అందవిహీనంగా చూపించడం ఇంత సులువని అతనికెప్పుడూ తోచలేదు. ఆవిడ మిషను ఆపి వెనకాలే వచ్చింది. ఇది మొన్న వదిలేశావు అంటూ తనే బాత్రూంలో చెమ్మగోడ చూపించింది. తలుపు వెనక పగులు చూపించింది. వానాకాలంలో ఇక్కడ చెయ్యి పెడితే తడి అంటుకుంటుంది, దగ్గరగా తియ్యి అంది. అతను కెమెరా దించేశాడు.

"బ్రోకరు పంపించాడా?" అంది ఆవిడ.

అతను తల ఊపాడు.

"మీరంతా నాకేదో మాయ కమ్మిందనుకుంటున్నారు. ఈ చెమ్మ నాకు తెలీదా? ఇన్నేళ్ళూ తుడిచిందాన్ని నేను. ఊళ్ళో అందరి కిటికీలూ కొలిచొచ్చాను తమ్ముడూ. నా ఇంట్లో కిటికీ ఎంతుందో మొన్న మొదటిసారి కొలుచుకున్నాను."

కాసేపాగి, తను అమ్మకపోతే అతనికి పని ఇవ్వనన్నాడా అని అడిగింది. లేదని చెప్పొచ్చు. అవునక్కా అన్నాడు. ఆవిడ వెళ్ళి మిషను ముందు స్టూలు మీద కూర్చుంది. గుడ్డ నమూనాల పుస్తకం చంకలో పెట్టుకుని తనూ ఎన్నో గుమ్మాలు ఎక్కానని, కుక్కని వదిలినవాళ్ళు కూడా ఉన్నారని చెప్పింది. కుడుతున్న గుడ్డ అంచు గోటితో రుద్దింది.

"అయితే అమ్మెయ్యమంటావా? మా ఆయనా ముభావంగా తిరుగుతున్నాడు. మీ ఇద్దరి పనీ అవుతుందంటే, ఒక కిటికీ కోసం నేనెందుకు మొండికెయ్యడం. నువ్వే చెప్పు."

వెటకారమేమోనని ఆవిడ మొహంలోకి చూశాడు. కాదు. నిజంగానే అడుగుతోంది. అతను ఊఁ అంటే చాలు, సాయంత్రానికి సంతకం అయిపోతుంది, వచ్చే వారంనుంచి రోజుకో ఇల్లు. ఇంటికెళ్ళి భార్యతో ఇక షాపు మానెయ్యవే అని కూడా అనొచ్చు. ఆ ఊఁ నోటి చివరిదాకా వచ్చింది.

"వద్దక్కా," అన్నాడు. "అమ్మొద్దు."

 గొప్ప పని చేశానని ఏమీ అనిపించలేదు. పర్సు పోగొట్టుకున్నవాడిలా గబగబా మెట్లు దిగాడు. వీధిలోకి వచ్చి, ఇవాళ తీసినవన్నీ కెమెరాలోంచి చెరిపేశాడు. ఆవిడ అమ్మరని బ్రోకరుకి ఫోన్ చేసి చెప్పాడు. నువ్వేమన్నావని బ్రోకరు అడిగితే అదీ దాచకుండా చెప్పాడు.  బ్రోకరు ఠక్కున ఫోను పెట్టేశాడు.

భార్య అంతా విన్నది. అమ్మొద్దని మీరెందుకు చెప్పాలి, ఆవిడ తిప్పలేవో ఆవిడ పడేదిగా అంది. అది అన్యాయమైన మాట కాదు. ఆమె గోడవైపు జరిగి కాళ్ళు పైకి పెట్టుకుంది. కొంతసేపటికి, ఆవిడ నన్నడిగినా అదే చెప్పేదాన్నేమో, ఏం చేస్తాం అని గొణిగింది. శనివారం పొద్దున్నే అతను బావమరిదికి ఫోన్ చేసి ఒప్పుకున్నాడు. సోమవారంనుంచి రమ్మన్నారు. బావమరిది నిజంగా సంతోషించాడు. ఆ గదిలో ఏసీ కూడా ఉంటుంది బావా అన్నాడు.

మధ్యాహ్నం కూర్చుని లెన్సులు తుడుస్తున్నాడు. మళ్ళీ ఎప్పుడు తీస్తాడో తెలియదు కాబట్టి బూజు పట్టకుండా మెత్తటి గుడ్డలో చుట్టి డబ్బాలో పెడుతున్నాడు. ఫోను మోగింది. బ్రోకరు.

ఇళ్ళ పని వేరే అబ్బాయికి ఇచ్చేశానని మొదటే చెప్పేశాడు. దానికోసం కాదు చేసింది అన్నాడు. దగ్గాడు. తర్వాత, మా ఇంటికి రావాలి, ఫొటోలు తియ్యాలి అన్నాడు.

అమ్ముతున్నారా సార్ అని అడిగాడు ఫొటోగ్రాఫరు.

"లేదు." మళ్ళీ దగ్గు. "మా ఆవిడ వాళ్ళ చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయి నెల దాటింది. ఇది ఇల్లులా లేదంటుంది, సత్రంలా ఉందంటుంది. నువ్వు ఆ కర్టెన్లావిడకి తీసినట్టు తీస్తే, నేను ఆమెకి పంపి..." అంటూ ఆగిపోయాడు.

ఫొటోగ్రాఫరు చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. బాగా అయిందని అనుకోవాల్సిన సమయమది. అనుకోలేకపోయాడు. ఇన్ని నెలలుగా ఎంతమంది గుమ్మాల ముందో నిలబడ్డాడు. తను చేసే పని ఏమిటో తెలుసుకుని, అదే కావాలని ఫోన్ చేసి పిలిచింది ఈయన ఒక్కడే. అదీ ఇప్పుడు, సోమవారం గోదాముకి వెళ్తానని మాటిచ్చాక. అతనికి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి, వాటికంటే ఎక్కువగా ఆయన మీద జాలి వేసింది.

"ఫొటోలు చూసి మనుషులు తిరిగి రారు సార్," అన్నాడు.

"తెలుసయ్యా. అయినా రా."

ఎప్పుడు రమ్మంటారని అడిగాడు. ఎప్పుడైనా సరే అన్నాడు బ్రోకరు. అట్లా కాదు, ఒక్కో ఇల్లు ఒక్కో వేళలో బాగుంటుంది, మీ ఇంట్లోకి ఎండ పొద్దున వస్తుందా సాయంత్రం వస్తుందా, ఏ గదిలో ఎక్కువసేపు ఉంటుందో చెప్పండి, దాన్నిబట్టి వస్తాను అన్నాడు.

ఊళ్ళో ఏ ఇంటి పేరెత్తినా ఏ గది ఎటు తిరిగుందో, గాలి ఎటునుంచి వస్తుందో గుక్క తిప్పుకోకుండా చెప్పే మనిషి ఆయన.  ఫోను కట్ అయిందేమోనని ఫొటోగ్రాఫరు చెవికి దూరంగా పెట్టి చూసుకున్నాడు.

"నాకు తెలీదయ్యా," అన్నాడు బ్రోకరు చివరికి. "పగలు నేనెప్పుడూ ఇంట్లో లేను."

"రేపు ఆదివారం. మీరెక్కడికీ వెళ్ళకండి," అన్నాడు ఫొటోగ్రాఫరు. "నేను తెల్లారేసరికి వస్తాను. కూర్చుని చూద్దాం."